ఆక్షేపణ వేరు, ఆవేదన వేరు

వచ్చే ఏడాది పదవీ విరమణ అనంతరం ఇథియోపియాలో ఇంజనీరింగు బోధించడానికి అంగీకరించాను. “ధనాశ” అన్నారు కొందరు మిత్రులు. “ఈ వయసులో పరదేశమా, నాయనా?” అన్నది అమ్మ.

ఈ చింతతోనే సూరత్ రింగ్ రోడ్డులోని జౌళి బజారుకు వెళ్ళాను. వరంగల్లు నుంచి వచ్చి మరమగ్గాల పనిలో స్థిరపడిన పద్మశాలి పెద్దాయన ఒకరు నా సంగతి విని నవ్వారు. “ఊరు ఇడిసిననాడు మమ్మల్ని గూడ గట్లనే అన్నరు సార్. చేతిల పనుంటె ఏడికి పోయినా బతుకుతం.” అటువంటి కుటుంబాల పిల్లల కోసం ఆ నగర పాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు సైతం నడుపుతున్నది.

గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు 1979లో, అరవై ఏళ్ళకు చేరువైన వయసులో, అమెరికా వెళ్ళి పిట్స్‌బర్గ్‌లోనూ, 1988 నుంచి పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలోనూ బోధించారు. 102వ ఏట, 2023లో, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ఆయనను వరించింది. బోధనకు విరమణ వయసు లేదనడానికి ఇంతకన్న నిదర్శనమేమి కావాలి?

ఆక్షేపణకు సమాధానం అనవసరం, ఆవేదనకు అత్యవసరం. అందుకే మిత్రుల మాటకు చిరునవ్వుతో సరిపెట్టాను. అమ్మకు మాత్రం ఏటా రెండుమార్లు వస్తానని మాట ఇచ్చాను. ఆ మాట నిలుపుకోవడమే ఇక నా మొదటి పాఠం.