మీకు తెలుసా? క్వాంటం కంప్యూటర్‌కీ వెయిటింగ్ చార్జీ ఉంది!

అమరావతి క్వాంటం వ్యాలీలో ఐబీఎం వారి 156 క్యూబిట్ల యంత్రం పెడతారని 2025 మేలో ప్రకటన వచ్చిన దగ్గర్నుంచి క్యూబిట్ల లెక్క మనవాళ్ల నోట బాగానే నానుతోంది. ఆ యంత్రాలకు పని పంపేవాళ్లను మాత్రం ముందు పలకరించే ప్రశ్న వేరే ఉంది: ఏ మోడ్‌లో నడపమంటారు?

ఐబీఎం సాఫ్ట్‌వేర్ కిస్కిట్‌లో ఈ మోడ్‌లు మూడు. జాబ్ అంటే ఒక్క పని: పంపడం, క్యూలో ఉండడం, వంతు రాగానే ఫలితం అందుకోవడం. ఒకదానితో ఒకటి సంబంధం లేని పనులు చాలా ఉంటే బ్యాచ్. ఒక పని క్వాంటం చిప్ మీద నడుస్తుండగానే మిగతావాటిని మామూలు కంప్యూటర్లు సిద్ధం చేస్తుంటాయి కాబట్టి మధ్యలో చిప్ ఖాళీగా ఉండే సమయం తగ్గుతుంది. కాకపోతే మీరు పంపిన వరసలోనే అవి నడుస్తాయన్న హామీ లేదు.

అసలు తిరకాసంతా మూడోదైన సెషన్‌తోనే. ఒక అణువు శక్తి ఎంతో కనుక్కోవాలనుకోండి. 2014లో హీలియం హైడ్రైడ్ అయాన్ మీద ప్రయోగించి చూపిన వీక్యూఈ అనే పద్ధతిలో క్వాంటం చిప్ ఒకసారి కొలిచి ఇస్తుంది, మామూలు కంప్యూటర్ ఆ అంకెలు చూసి విలువలు కాస్త సవరిస్తుంది, చిప్ మళ్లీ కొలుస్తుంది. ఇలా వందల సార్లు తిరగాల్సి రావచ్చు. దీన్ని జాబ్‌లుగా పంపితే ప్రతి సవరణకూ మళ్లీ క్యూ చివరికి పోవాల్సిందే. సెషన్‌లో అలా కాదు. మొదటి పని మొదలయ్యాక సెషన్ నడిచినంతసేపు యంత్రం మీదే, మధ్యలో వేరేవాళ్ల పని దూరదు. ఇంకో లాభం కూడా ఉంది. క్యూబిట్ల తీరు గంటగంటకూ కాస్త మారుతుంటుంది కనుక, కొలతలన్నీ దగ్గర దగ్గరగా జరిగితే వాటిని పోల్చిచూడడం తేలిక.

మరి అందరూ సెషనే ఎందుకు వాడరు? జాబ్‌కీ బ్యాచ్‌కీ క్వాంటం యంత్రం నిజంగా వాడుకున్న సమయానికే లెక్క. సెషన్‌కైతే మొదటి పని మొదలైన క్షణం నుంచి సెషన్ ముగిసేదాకా గోడ గడియారం చూసి లెక్క వేస్తారు. మీ ల్యాప్‌టాప్ తీరిగ్గా ఆలోచిస్తున్నప్పుడు చిప్ ఖాళీగా ఉన్నా, బయట నిలబెట్టిన ఆటోలాగా మీటర్ తిరుగుతూనే ఉంటుంది. అందుకే పని కాగానే సెషన్ మూసేయాలి. పైథాన్‌లో ‘విత్’ బ్లాక్ లోపల రాస్తే, బ్లాక్ దాటగానే అదే మూతపడుతుంది.

ఉచిత ఖాతాతో నేర్చుకునేవారికి ఈ చార్జీ బెంగ లేదు. వారికి సెషన్ తెరిచే వీలే లేదు మరి! 28 రోజులకు 10 నిమిషాల యంత్ర సమయం ఇస్తారు, దాన్ని జాబ్‌లుగానో బ్యాచ్‌లుగానో వాడుకోవాలి.