స్కాన్ నార్మలే... మరి నొప్పెందుకు?

ఉమ్మి చుక్కతో ఎండోమెట్రియోసిస్‌ను పట్టేస్తున్నారట, ఆదివారానికి ముఖచిత్ర కథనం కావాలి. సంపాదకుల పురమాయింపు ఇది. తీరా గడువు దగ్గరపడేసరికి ఉమ్మి వెనక్కి పోయింది. 2016లో ‘ఐడియా’ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం రాసిన స్కానింగ్ పత్రం ముందుకొచ్చింది.

గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం అండాశయాల మీదా పేగుల మీదా పెరగడమే ఈ జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పిల్లలు పుట్టే వయసు స్త్రీలలో పదిమందిలో ఒకరికి ఉంటుంది. అయినా ప్రొద్దుటూరులో గానీ పులివెందులలో గానీ నెలనెలా మెలితిరిగే అమ్మాయికి ముందు దొరికే మందు, ‘పెళ్లయితే సర్దుకుంటుందిలే’.

ఇంతకీ ఆ పత్రంలో ఉన్నది నాలుగు అంచెల పరీక్ష. గొట్టం లాంటి ప్రోబ్‌ను యోని ద్వారా పంపి ముందు గర్భాశయాన్నీ అండాశయాలనూ చూస్తారు. అండాశయంలో చాక్లెట్ సిస్ట్ (పాత రక్తం నిండిన తిత్తి) ఉంటే తెరమీద గరుకు గాజులా మసగ్గా కనిపిస్తుంది. తర్వాత ప్రోబ్‌తో మెల్లగా నొక్కుతూ ‘ఇక్కడ నొప్పా?’ అని అడుగుతారు. అండాశయం కదులుతోందా, అతుక్కుపోయిందా అన్నదీ అప్పుడే తేలుతుంది. మూడో అంచె మరీ ఆసక్తికరం. గర్భాశయాన్ని కొద్దిగా నెడితే దాని వెనకున్న పేగు సాఫీగా జారాలి. జారలేదంటే రెండూ అంటుకున్నాయని అనుమానం. చివరగా మూత్రాశయం దగ్గర, పేగు గోడల్లో గడ్డలు వెతుకుతారు. ఇందులో కొత్త యంత్రమేమీ లేదు. కావలసింది తర్ఫీదు పొందిన చెయ్యి, తీరిక. కడుపు నిండా నీళ్లు తాగించి, బొడ్డు కింద జెల్ రాసి ముగించే స్కాన్‌లో ఈ జారుడు సంగతి తేలడం కష్టం.

చరిత్ర క్లుప్తంగా: 1860లో రోకిటాన్‌స్కీ అనే వైద్యుడు ఈ జబ్బును వర్ణించాడు, 1920లలో శాంప్సన్ అనే మరో వైద్యుడు పేరు పెట్టాడు, ఆపైన దశాబ్దాల పాటు పొట్టకు రంధ్రం పెట్టి లాప్రోస్కోపీతో చూస్తేనే ఖాయమన్నారు. 2022లో యూరప్ సంతాన వైద్యుల సంఘం లాప్రోస్కోపీని తొలిమెట్టు నుంచి దించింది. స్కాన్‌లో ఏమీ దొరక్కపోతేనో, మందులు పనిచేయకపోతేనో ఆ దారి పట్టమంది.

ఉమ్మి, రక్తం
ఫ్రాన్స్ కంపెనీ జివిగ్ పరీక్ష లాలాజలంలోని 109 మైక్రో ఆర్ఎన్ఏలను చదువుతుంది. 2025లో అక్కడి ప్రభుత్వం షరతులతో ఖర్చు భరించడం మొదలుపెట్టింది. ఆశ పెట్టుకోవచ్చు, కానీ అది జమ్మలమడుగు దాకా రావడం ఇప్పట్లో జరిగే పని కాదు. సీఏ-125 రక్తపరీక్ష ఈ జబ్బు నిర్ధారణకు పనికిరాదని అదే యూరప్ సంఘం తేల్చింది.

స్కాన్‌నూ నెత్తికెత్తుకోనక్కర్లేదు. పొత్తికడుపు లోపలి పొరమీద పైపైన ఉండే తొలిదశ మచ్చలు దానికి చిక్కవు, ఎమ్మారైకీ సరిగా చిక్కవు. పెళ్లికాని అమ్మాయిలకు లోపలి స్కాన్ సాధారణంగా చేయరు. వారికి ఎమ్మారై ఉంది. లేదా లక్షణాలను బట్టే హార్మోన్ మాత్రలు మొదలుపెట్టొచ్చు, కోత అక్కర్లేదు.

కాబట్టి ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికి వెళ్లినా, కడప రిమ్స్‌కు వెళ్లినా, నొప్పి వచ్చిన తేదీలు, విరేచనానికి వెళ్లినప్పుడు, కలయికలో వచ్చే నొప్పి చీటీమీద రాసుకెళ్లండి. స్కాన్‌కు పంపే కాగితం మీద ‘కడుపునొప్పి’ అని వదిలేయకుండా ‘ఎండోమెట్రియోసిస్ అనుమానం’ అని రాయమని డాక్టరమ్మను అడగండి.