గోడమీది నోటీసు

మాజ్రి బొగ్గుగనులలో పనిచేయువారి బిడ్డలు మా పాఠకులు. పని స్థలమున నోటీసు బోర్డు నుంచవలెనని చట్టము ఏల విధించినదో వారు తెలిసికొనవలెను.

2019 నాటి వేతన స్మృతి 50వ సెక్షను ప్రకారము యజమాని ఆ బోర్డుపై చట్ట సారాంశము, తరగతులవారీ వేతనముల రేట్లు, జీతమిచ్చు దినము, ఇన్‌స్పెక్టరు పేరు, చిరునామా చూపవలెను. నెలజీతము మరుసటి నెల 7వ తేదీలోపల ముట్టవలెను. రేటు పాతదైనచో కార్మికుడు తక్కువ కూలినే న్యాయమని తలచును. ఇన్‌స్పెక్టరు మారియున్నచో అతని అర్జీ చేరవలసిన చోటికి చేరదు. కనుక పాత నోటీసు లేని నోటీసుకంటె మేలు కాదు.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు 29 పాత చట్టముల స్థానమున అమలులోనికి వచ్చినవి. 1936 నాటి వేతనముల చెల్లింపు చట్టము, 1948 నాటి కనీస వేతనముల చట్టము, 1952 నాటి గనుల చట్టము అందులో చేరినవే. ఈ పేర్లే ఇంకను గోడమీద నున్నచో ఆ కాగితము మార్చదగినది.

భాష మరియొక చిక్కు. 1936 నాటి చట్టము నోటీసు ఇంగ్లీషులోను, పనివారిలో అధిక సంఖ్యాకుల భాషలోను ఉండవలెనని మాత్రమే చెప్పినది. అల్పసంఖ్యాకులైన తెలుగువారికి అది అక్కరకు రాలేదు.

విద్యార్థులారా! మీరు మరాఠీ, హిందీ, ఇంగ్లీషు నేర్చుచున్నారు. మీ తండ్రి ఆ నోటీసు వ్రాసికొని తెచ్చినచో చదివి తెలుగున చెప్పుడు. తేదీ, రేటు, ఇన్‌స్పెక్టరు పేరు సరిచూడుడు. తల్లిదండ్రులారా! లోపము కనబడినచో కార్మిక సంఘము ద్వారా వ్రాతమూలకముగా అడుగుడు.