ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు: ముల్లు చెప్పేదెంత?

2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వానను ఇక్కడివారు ఇప్పట్లో మరిచిపోలేరు. అర్గొండలో ఒక్కరోజు వర్షపాతం 40 సెంటీమీటర్లు దాటింది. రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అలాంటి రోజున సెల్ టవర్లు మూగబోతే జిల్లాలోని ఎల్లారెడ్డి కబురును కామారెడ్డికి చేర్చగలిగేది బ్యాటరీతో నడిచే హ్యామ్ రేడియో, అంటే లైసెన్సుతో అభిరుచి కొద్దీ నడిపే అమెచ్యూర్ రేడియో. 2004 సునామీ వేళ అండమాన్‌లో ఆ పని చేసి చూపింది భారతీ ప్రసాద్ బృందం. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున వాళ్లు అప్పటికే అక్కడ ఉన్నారు.

ఈ రేడియో నడిపే హ్యాముల బల్లమీద తప్పక కనిపించేది ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు. దాని వెంటే ఒక నమ్మకం కూడా స్థిరపడింది: ముల్లు 1:1 చూపితేనే యాంటెనా మంచిది, లేకుంటే పవరు వృథా.

రేడియో నుంచి కేబుల్ గుండా వెళ్లిన విద్యుత్ తరంగంలో కొంత యాంటెనా దగ్గర వెనక్కి తిరుగుతుంది. వెళ్లేదీ వచ్చేదీ కలిసి కేబుల్ మీద నిలకడ తరంగాలు ఏర్పడతాయి. అక్కడి గరిష్ఠ వోల్టేజికీ కనిష్ఠ వోల్టేజికీ ఉన్న నిష్పత్తే ఎస్‌డబ్ల్యూఆర్ (స్టాండింగ్ వేవ్ రేషియో). 1956లో లూయిస్ మెకాయ్ ‘క్యూఎస్‌టీ’ పత్రికలో ‘మోనిమ్యాచ్’ను ప్రచురించడంతో ఈ కొలత ఇంట్లో తయారుచేసుకునే పరికరానికి అందింది. 1959లో కాలిన్స్ కంపెనీ ఇంజినీరు వారెన్ బ్రూని అదే పత్రికలో మరో డిజైన్ వివరించాడు. అందులో కరెంటు నమూనా ఒకటి, వోల్టేజి నమూనా ఒకటి తీసుకుని, కలిపితే వెళ్లే తరంగం, తీసేస్తే వచ్చే తరంగం తెలుస్తాయి. నేటికీ ఎన్నో మీటర్లు ఇదే పద్ధతిలో పనిచేస్తున్నాయి.

మీటరు చేతికి రాగానే చాలామంది అంకెకే మొక్కారు. ఈ నమ్మకాన్ని ప్రశ్నించినవాడు వాల్టర్ మాక్స్‌వెల్. 1960లో ఎగిరిన టైరోస్-1 వాతావరణ ఉపగ్రహం యాంటెనా మీద పనిచేసిన ఆర్‌సీఏ ఇంజినీరు. 1973 నుంచి రాసిన వ్యాసాల్లో ఆయన చూపించింది ఇది: తిరిగొచ్చిన పవరును, రేడియోకూ కేబుల్‌కూ పొంతన కుదిర్చే ట్యూనరు మళ్లీ యాంటెనా వైపే పంపిస్తుంది. ఆ రాకపోకల్లో కేబుల్ తినేసినంతే నష్టం.

లెక్క చూడండి. ఎస్‌డబ్ల్యూఆర్ 2:1 అంటే వెనక్కి వచ్చేది 11 శాతం. అదంతా పోయిందనుకున్నా నష్టం అర డెసిబెల్. సిగ్నల్ బలాన్ని చూపే రేడియో ఎస్-మీటరులో ఒక మెట్టు 6 డెసిబెల్స్. కామారెడ్డిలో 50 వాట్లతో మాట్లాడితే ఎల్లారెడ్డిలో వినేవారి చెవికి ఈ తేడా తెలియదు. అయితే ఎస్‌డబ్ల్యూఆర్ పెరిగితే నేటి ట్రాన్సిస్టర్ రేడియోలు తమను కాపాడుకోవడానికి పవరు తగ్గించుకుంటాయి. కాబట్టి జాగ్రత్త అవసరమే. భయం అక్కర్లేదు.

అసలు ప్రమాదం మంచి అంకెలోనే ఉంది. 6 డెసిబెల్స్ నష్టమున్న పాత కేబుల్‌కు యాంటెనా తగిలించకుండా కొలవండి. ఎస్‌డబ్ల్యూఆర్ సుమారు 1.7 చూపుతుంది! వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కేబుల్ పవరును మింగేయడంతో మీటరుకు తిరిగొచ్చేది కొంచెమే. పరీక్ష కోసం యాంటెనా బదులు తగిలించే డమ్మీ లోడ్ కూడా చక్కగా 1:1 చూపుతుంది, గాలిలోకి మాత్రం దాదాపు ఏమీ పంపదు.

‘యాంటెనా ఎంత ఎత్తుంటే అంత మంచిది’ అనే మాటనూ పరీక్షించాలి. కామారెడ్డి, ఎల్లారెడ్డి మధ్య గాలిదూరం 40 కిలోమీటర్ల లోపే. 7 మెగాహెర్ట్జ్‌లో సుమారు 20 మీటర్ల డైపోల్ (తీగ యాంటెనా)ను ఏడెనిమిది మీటర్ల ఎత్తులో కడితే తరంగం దాదాపు నిట్టనిలువుగా పైకి వెళ్లి, పై వాతావరణంలోని అయనోస్ఫియర్‌ను తాకి, చుట్టుపక్కల జిల్లాల మీద దిగుతుంది. దగ్గరి ఊళ్లకు పగటిపూట ఇది బాగా పనికొస్తుంది. ఈ సంగతి ఏ ఎస్‌డబ్ల్యూఆర్ మీటరూ చెప్పదు.

ఏ యాంటెనా మేలో తేల్చుకునే దారి సులువే. కామారెడ్డిలో రెండు యాంటెనాలు కట్టి, ఒకే పవరుతో మార్చి మార్చి పంపాలి. ఎల్లారెడ్డిలో ఇంకొకరు సిగ్నల్ బలాన్ని రాసుకోవాలి. ఆకాశంలో పరిస్థితి నిమిషానికోలా మారుతుంది కాబట్టి ఒక్క కొలతను నమ్మకుండా చాలాసార్లు తీసి సగటు చూడాలి. కేబుల్ నష్టం కొలవడానికి కొన్ని వేల రూపాయల నానోవీఎన్ఏ అనే చిన్న కొలత పరికరం చాలు.

జిల్లాలోని కళాశాలల భౌతికశాస్త్ర అధ్యాపకులకు ఒక విన్నపం. విద్యార్థుల చేత హ్యామ్ లైసెన్సు పరీక్ష రాయించి, లైసెన్సు తెప్పించి, ఈ కొలతలు వాళ్ల చేతే చేయించండి. వరద రోజున అక్కరకొచ్చేది పరీక్షించి చూసుకున్న యాంటెనాయే.