గోడమీది సర్టిఫికెట్ చూసి మోసపోకండి

"ఎన్.ఎల్.పి. మాస్టర్ ప్రాక్టీషనర్" అనే బోర్డు చూసి కొందరు ఆయన డాక్టరనే అనుకుంటారు. ఆ బిరుదు వైద్య డిగ్రీ కాదు.

న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్‌ను 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో రిచర్డ్ బాండ్లర్, జాన్ గ్రిండర్ రూపొందించారు. మాటతీరు, ఆలోచనాతీరు మార్చుకుంటే ప్రవర్తన మారుతుందని వారి వాదన. 2012లో బ్రిటన్ పరిశోధకులు అప్పటివరకు జరిగిన అధ్యయనాలన్నీ పరిశీలించి, దీనివల్ల ఆరోగ్యం మెరుగవుతుందనడానికి తగిన ఆధారాలు లేవన్నారు.

ఈ సర్టిఫికెట్లు ఇచ్చేది ప్రైవేటు శిక్షణ సంస్థలే. కొన్ని కోర్సులు కొద్ది రోజుల్లోనే ముగుస్తాయి. అందరికీ వర్తించే ఒకే పరీక్ష లేదు. 2009లో బి.బి.సి. ప్రతినిధి ఒకరు తన పిల్లి జార్జి పేరుతో దరఖాస్తు పెడితే, బ్రిటన్‌లోని ఒక ఎన్.ఎల్.పి. సంస్థ దాన్నీ నమోదు చేసుకుంది!

సభలో ధైర్యంగా మాట్లాడడం నేర్చుకోవడానికి ఇటువంటి శిక్షణకు వెళ్ళడం మీ ఇష్టం. కాని దిగులు జబ్బు, ఆత్మహత్య ఆలోచనలు, మత్తు అలవాటు ఉంటే వైద్యం అవసరం. మానసిక వైద్యునికి మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడగడానికి మొహమాటపడకండి.

ఎవరు చెప్పినా, మీ డాక్టరును అడగకుండా మాత్రలు ఆపవద్దు. అత్యవసరమైతే టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయండి.