కారులోని చల్లగాలి

వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నమున ఒక అద్దెకారు హైదరాబాదునుండి విజయవాడకు పోవుచున్నదనుకొనుడు. రహదారిపై వేగముగా సాగినంతసేపు లోన హాయిగా నుండును. టోల్ గేటు కడ కొంతసేపు నిలిచినంతనే చల్లగాలి వెచ్చగాలియగును. బండి కదలగానే చల్లదనము తిరిగివచ్చును. ప్రయాణికులు విసుగుకొందురు. గ్యాసు తగ్గినది కాబోలునని యెంచి డ్రైవరు డబ్బు వెచ్చించి క్రొత్తగ్యాసు నింపించును. మఱునాడు మఱల అదే కథ. రోగమొకచోట, మందొకచోట!

చల్లదనము యంత్రములో పుట్టునది కాదు. లోని వేడిని మోసికొనిపోయి వెలుపల విడుచుటయే యంత్రము పని. మట్టికుండలోని నీరు కొంచెము కొంచెముగా వెలికి ఊరి ఆవిరియగుచు, అందులకు వలసిన వేడిని లోనినీటినుండి తీసికొనును. అందుచే ఆ నీరు చల్లబడును. కారులో జరుగునదియు ఇట్టిదే. నేడు పెక్కు కార్లలో నీటికి బదులు ఆర్-134ఎ అను ద్రవ్యము ఈ పని చేయును. సామాన్య వాయుపీడనమునందు అది సున్నకు దిగువ 26 డిగ్రీల సెంటిగ్రేడు కడనే మరుగును. ఇంజను త్రిప్పెడి కంప్రెసరు ఈ గ్యాసును గట్టిగా అదిమి వేడెక్కించును. రేడియేటరునకు ముందున్న కండెన్సరులో ఆ వేడి బయటిగాలికి పోగా గ్యాసు ద్రవమగును. ఆ ద్రవము సన్నని కవాటము దాటగానే పీడనము తగ్గి, డాష్‌బోర్డు వెనుకనున్న ఇవాపొరేటరులో మరుగుచు లోనిగాలి వేడిని గ్రహించును.

యంత్రము పూర్తిగా ఆగిపోయినచో లోపము కనుగొనుట కొంత తేలిక. ఒకప్పుడు చల్లగాను, ఒకప్పుడు వెచ్చగాను ఉండుటయే చిక్కు. మెకానిక్కు కడకు చేరునప్పటికి అది బుద్ధిమంతునివలె పనిచేయును. కావున చల్లదనము ఎప్పుడు తప్పుచున్నదో కనిపెట్టి చెప్పుట మిగుల ముఖ్యము.

బండి నిలిచినప్పుడే తప్పినచో కండెన్సరునకు గాలి చాలుట లేదని మొదట అనుమానింపవలెను. పరుగిడునప్పుడు ఎదురుగాలి తగులును. నిలిచినప్పుడు ఫ్యానే దిక్కు. అది తిరుగకున్నను, కండెన్సరు సందులలో దుమ్మును పురుగులును పేరుకొన్నను వేడి పోదు. పీడనము హద్దు మీఱినప్పుడు రక్షణస్విచ్చి కంప్రెసరును ఆపివేయును. బండిని ఆరుబయట నిలిపి, ఏసీ వేసి, ఫ్యాను తిరుగుచున్నదో లేదో దూరమునుండి చూడవలెను. అది ఏ క్షణమున తిరుగునో తెలియదు గనుక చేయి పెట్టరాదు. కండెన్సరుపై నీరు చల్లినంతనే లోన చల్లబడినచో అనుమానము దాదాపు తీఱినట్లే. పై అద్దెకారు జబ్బు ఇట్టిదే.

చాలసేపు చక్కగా నడచి, పిదప ఫ్యాను చప్పుడు వినబడుచున్నను గాలి సన్నగిల్లినచో ఇవాపొరేటరుపై మంచు గట్టినదని తలపవలెను. గాలిలోని తేమ అక్కడ నీరై కారుక్రింద చుక్కలుగా రాలుట సహజము. చలిని కొలిచెడి సెన్సారు చెడినను, ఫిల్టరు దుమ్ముతో మూసికొనిపోయినను ఆ నీరు గడ్డకట్టి గాలిదారిని అడ్డగించును. ఏసీ ఆపి కొంతసేపు ఫ్యానుమాత్రమే నడపినచో మంచు కరగి గాలి మఱల జోరుగా వచ్చును. చౌకైన ఫిల్టరును ముందు చూచుట వివేకము.

గాలి జోరు తగ్గకయే వెచ్చబడినచో క్లచ్చిని చూడవలెను. ఇంజను నడుచుచుండగానే కంప్రెసరును కలుపునదియు విడదీయునదియు ఈ విద్యుదయస్కాంతపు క్లచ్చియే. 1940 నమూనా ప్యాకార్డు కార్లలో ఇది లేదు. కంప్రెసరును నిలుపవలెనన్న ఇంజనునాపి బెల్టు తీయవలసియుండెను! క్లచ్చి అరిగి ఎడము పెరిగినచో, వేడెక్కినప్పుడు దాని తీగచుట్ట బలము చాలక పట్టు సడలును. గొట్టములలో తేమ చేరి కవాటము కడ గడ్డకట్టినను ఇట్లే జరుగును. దానిని మెకానిక్కు పీడనమాపకములతో తేల్చవలెను.

కంప్రెసరు మాటిమాటికి ఆగుచు కలియుచున్నచో గ్యాసు నిజముగనే తగ్గియుండవచ్చును. కాని గ్యాసు పెట్రోలువలె ఖర్చగునది కాదు. తగ్గినదనగా ఎక్కడనో కారుచున్నదని అర్థము. గొట్టముల అతుకులకడ నూనెమరక యున్నచో అది మంచి ఆనవాలు. గొట్టములను స్వయముగా విప్పరాదు. ఎగజిమ్మిన ద్రవము తగిలినచో చర్మము గడ్డకట్టును, కన్నులకు హాని కలుగును. మెకానిక్కు గ్యాసుతో ఒక రంగు కలిపి, కొన్నిదినముల పిమ్మట అతినీలలోహిత దీపముతో చూచును. పచ్చగా మెఱసిన చోట రంధ్రముండును. దానిని బాగుచేసి, గొట్టములలోని గాలిని తేమను పంపుతో తోడివేసి, కంపెనీవారు నిర్ణయించిన తూకము ప్రకారము గ్యాసు నింపవలెను.