పునర్నవ: వేరు పలికే సాక్ష్యం

అనంతపురం మెట్టభూములు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో బ్రతుకు వెళ్లదీసే నేలలు. వేసవిలో అక్కడి చేనిగట్లు బోసిపోతాయి. తొలకరి పడిన కొద్ది దినాలకే, ఎండి మాయమైన ఒక మొక్క పాత వేరునుండి మళ్లీ చిగిర్చి ఎర్రమట్టిపై పరచుకుంటుంది. తెలుగువారు దానిని అటికమామిడి అన్నారు. తిరిగి కొత్తదయ్యేది గనుక సంస్కృత వైద్యులు పునర్నవ అన్నారు. వాపులు తగ్గడానికి, మూత్రం సాఫీగా వెళ్లడానికి ఆయుర్వేదం దీని వేరును వాడుతుంది. 1753లో లిన్నేయస్ ప్రకటించిన బొయర్హేవియా డిఫ్యూజా అనే శాస్త్రనామంలో డచ్చి వైద్యుడు బొయర్హేవ్ స్మరణ ఉన్నది.

అదే వానకు, అదే గట్టున గలిజేరు కూడా మొలుస్తుంది. ఇది వేరొక కుటుంబానికి చెందిన మొక్క. ట్రయాంథిమా పోర్ట్యులకాస్ట్రమ్ దీని శాస్త్రనామం. అటికమామిడిని ఎర్ర గలిజేరు అనడమూ కద్దు. పొరపాటు పేరులోనే మొదలవుతున్నది. పచ్చిమొక్కలను పోల్చుకోవడం కష్టం కాదు. అటికమామిడికి సన్నని కాడల చివర చిన్న ఎర్రపూలు. దాని జిగురుకాయలు బట్టలకు అంటుకుంటాయి. గలిజేరు పూవు ఆకుతొడిమ మొదట ఒదిగి ఉంటుంది. అనంతపురం జిల్లా వృక్షజాలంపై పుల్లయ్య, యశోద 1989లో వెలువరించిన గ్రంథం వంటివి ఇక్కడ అక్కరకు వస్తాయి. కాని మూలికల అంగడికి చేరేది ఎండువేరు. దానికి పూవూ లేదు, ఆకూ లేదు. ఒకదాని బదులు మరొకటి అమ్ముడుపోయేది అక్కడే.

అప్పుడు వేరునే ప్రశ్నించాలి. దానిని నీట నానబెట్టి, అడ్డంగా పలుచని పొర కోసి, రంగు పట్టించి సూక్ష్మదర్శిని క్రింద చూడాలి. అటికమామిడి వేరులో నాళపుంజాలు వలయంపై వలయంగా కనిపిస్తాయి. ఒక పెరుగుదల పొర వెలుపల మరొకటి కొత్తగా ఏర్పడడం దీనికి కారణం. తొందరపాటు పరీక్షకుడు ఇంతటితో తృప్తిపడితే మోసపోతాడు. గలిజేరు వేరులోనూ ఇట్టి వలయాలే ఉన్నవి! తీర్పు చెప్పేవి కణాలలోని కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలు. అటికమామిడిలో అవి సూదులకట్టలవలె ఉంటాయి. గలిజేరులో పూగుత్తులవలె గుమిగూడి ఉంటాయి.

భారత ఆయుర్వేద ఔషధసంహిత మూలికల బాహ్యరూపంతోపాటు సూక్ష్మలక్షణాలనుగూడ పేర్కొనడం ఇందుకే. కాళ్లు వాచిన రోగి అంగడివాని మాట నమ్మి కషాయం కాచుకుంటాడు. గుణం కనిపించకపోతే నింద మోసేది శాస్త్రం. తప్పు మాత్రం సంచిలోని వేరుది. కషాయం పొయ్యి ఎక్కకముందే ఆ వేరును ఒకమారు అద్దం క్రింద పెట్టి చూస్తే, నిందా తప్పుతుంది, రోగికి కాలమూ దక్కుతుంది.